ఓడ దిగి వచ్చిన వకీలు

మా వకీలు గారి సంతాప సభలో చదవడానికి నాలుగు వాక్యాలు రాసిపెట్టమని ఒక కుర్ర వకీలు ఫోన్ చేశాడు. "మాస్టర్ సాబ్, మీరైతే మంచిగ రాస్తరు. పుట్టింది, చదివింది, ప్రాక్టీసు, పోయింది. గంతే. పేజీ దాటొద్దు," అన్నాడు.

ఆ సాయంత్రమే కూర్చుని రాశాను. గోదావరి జిల్లాలో పుట్టారు. న్యాయశాస్త్రం చదివారు. వయసులో ఉండగానే శంషాబాద్ వచ్చి స్థిరపడ్డారు. చివరిదాకా ఇక్కడే వకాలతు చేశారు. ఈ చలికాలం మొదట్లో గుండె ఆగి కన్నుమూశారు.

రాసింది చదువుకున్నాను. ఒక్క తప్పు లేదు. ఆయన కూడా అందులో ఎక్కడా లేరు. సభలో దీన్ని చదువుతారు, రెండు నిమిషాలు నిలబడతారు, కాగితం ఫైల్లో పెడతారు. ఆ తర్వాత ఆయన గురించి మిగిలేది ఈ నాలుగు ముక్కలే. ఆ ఆలోచన నన్ను కూర్చోనివ్వలేదు. ఎందుకంటే అచ్చం ఇలాంటి వాక్యాలనే ఆయన ఏళ్ళ తరబడి అనుమానంగా చూస్తూ గడిపారు.

మా ఇద్దరిదీ ఒకే షట్టరు. పాత హైవే మీద బస్టాండ్ దాటాక వరసగా నాలుగు షట్టర్లు ఉంటాయి. ఒకటి జిరాక్సు, ఒకటి సత్తన్న టీ హోటల్, ఒకటి ఎప్పుడూ మూసే ఉంటుంది, నాలుగోది మాది. కిరాయి చెరి సగం. నేను ఉర్దూ మాస్టారుగా రిటైరయ్యాక పాత దస్తావేజులను తెలుగులోకి రాసిచ్చే పనిలో పడ్డాను. విమానాశ్రయం వచ్చాక ఈ చుట్టుపక్కల ఊళ్ళలో అందరికీ తాతల నాటి కాగితాలతో పని పడింది. ఆ కాగితాలన్నీ ఉర్దూలో ఉన్నాయి. నేను చదివిపెడితే, ఆయన దాన్నిబట్టి అఫిడవిట్టో అమ్మకం పత్రమో తయారు చేసేవారు.

పొడుగ్గా, సన్నగా ఉండేవారు. నల్లకోటు తలుపు వెనక మేకుకు వేలాడేది. కోర్టుకు వెళ్ళేటప్పుడు తప్ప దాన్ని తొడుక్కునేవారు కాదు. ఒప్పుకోలేని పని ఎదురైతే గొంతు పెంచేవారు కాదు, పెన్నుకు మూత పెట్టేవారు. ఆయన కోపం అంతవరకే.

మా షట్టరు మీదుగా విమానాలు దిగుతాయి. ఆ చప్పుడులో అందరం అరిచి మాట్లాడుకోవడానికి అలవాటు పడ్డాం. ఆయన పడలేదు. మాట మధ్యలో విమానం వస్తే చూపుడు వేలు పైకెత్తి ఆగిపోయేవారు. అది దాటిపోయాక, ఆగిన చోటునుంచే, ముందు మాట మళ్ళీ చెప్పకుండా, కొనసాగించేవారు. "ఈ భూమి మీద మీకున్న" అని వేలెత్తేవారు. ఎదుటి రైతు ఊపిరి బిగపట్టి కూర్చునేవాడు. చప్పుడు సద్దుమణిగాక "హక్కు పోలేదండీ" అనేవారు. ఆ కాసేపూ రైతు ముఖం చూడటం కష్టంగా ఉండేది.

ఆయన భాష ఇక్కడివాళ్ళకు వింత. "వకీల్ సారు చాయ్ అడిగినా వార్తలు చదివినట్టే ఉంటది," అనేవాడు సత్తన్న. ఆయన మాత్రం మా భాష పట్టుకోవాలని చూసేవారు. "అన్నా, జర చాయ్ ఇవ్వండి," అనేవారు. 'జర' మాదీ, 'ఇవ్వండి' వాళ్ళదీ. హోటల్లో ఉన్నవాళ్ళంతా నవ్వేవాళ్ళు. ఆయన కూడా నవ్వి, మర్నాడు మళ్ళీ అలాగే అడిగేవారు.

ఉద్యమం రోజుల్లో ఒకసారి, అదే హోటల్లో, ఒకాయన అందరి ముందూ అడిగాడు. "సారూ, మరి మీరెప్పుడు పోతరు మీ దిక్కు?"

ఆయన గ్లాసు కింద పెట్టి, "మీ కేసు అయ్యాక," అన్నారు.

ఆ అడిగినాయన కేసు అన్నదమ్ముల మధ్య ఒక ప్రహరీ గోడ తగాదా. నేను ఈ షట్టరు తీసుకోక ముందునుంచీ నడుస్తోంది. హోటలంతా గొల్లుమంది. అడిగినాయన కూడా నవ్వి, "అయితే ఇగ మీరు ఈడనే," అన్నాడు.

షట్టరు దించుతూ ఆ సాయంత్రం ఆయన నాతో, "మాస్టారూ, ఆయన్ని కూడా ఎవరో ఒకరు ఇలా అడిగే ఉంటారు కదండీ?" అన్నారు.

'ఆయన' ఎవరో నాకు తెలుసు. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద లా పుస్తకం కొంటే, అమ్మేవాడు ఊరికే ఇచ్చిన ఇంకో పుస్తకం ఒకటి ఆయన బల్ల మీద ఉండేది. ఇంగ్లీషు పుస్తకం. అట్ట లేదు, మొదటి పేజీలూ లేవు. సముద్రాల అవతల ఏదో రాష్ట్రంలో, పందొమ్మిదో శతాబ్దంలో, శాసనసభలో కూర్చున్నవాళ్ళ జీవితాలు, మనిషికి ఆరేడు వాక్యాల చొప్పున. అందులో ఒక మనిషి దగ్గర ఈయన ఆగిపోయారు. కొండల దేశంలో ఒక పల్లెలో పుట్టాడు. యువకుడిగా ఓడలో వచ్చాడు. కొంతకాలం బడిలో చదువు చెప్పాడు. ఒక వకీలు దగ్గర కూర్చుని చట్టం నేర్చుకున్నాడు. వకాలతుకు అనుమతి దొరికింది. ఆ జిల్లా ప్రజలు అతన్ని శాసనసభకు పంపారు. అక్కడే చనిపోయాడు.

అంతే. అతని పేరు మా ఇద్దరికీ నోరు తిరగలేదు. ఆయన ఒక రకంగా పలికేవారు, నేను ఇంకో రకంగా. చివరికి 'ఓడ పెద్దమనిషి' అని పెట్టుకున్నాం.

ఆయనకు ఆ వాక్యాల కన్నా వాటి మధ్య ఖాళీలంటే ఆసక్తి. "ఓడ దిగినవాడు తిన్నగా బడికెలా వెళ్ళాడండీ? ఆ రాత్రి ఎక్కడ పడుకున్నాడు? ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళు ఏ ఊరని అడగలేదా? మొదటిసారి కోర్టులో నోరు తెరిస్తే ఎవరూ నవ్వలేదా?" పని లేని మధ్యాహ్నాలు ఇలా నడిచేవి. అన్నిటికన్నా పెద్ద ప్రశ్న చివర్లో వచ్చేది. "అంతమంది సొంతవాళ్ళుండగా, పరాయివాణ్ని ఎందుకు పంపారండీ?"

"ఇంకెవరూ నిలబడి ఉండరు," అనేవాణ్ని నేను.

"అదీ ఉండొచ్చు," అని ఒప్పుకునేవారు. కానీ ఆ జవాబుతో ఆయనకు తృప్తి లేదని ముఖం చూస్తే తెలిసేది.

ఒకసారి మునిసిపల్ ఎన్నికలప్పుడు సత్తన్న చాయ్ తెచ్చి, "సారూ, మీరు నిలబడుండ్రి ఈసారి," అన్నాడు.

ఆయన గంభీరంగా, "ఎందుకు?" అని అడిగారు.

సత్తన్న కంగారు పడ్డాడు. "ఎందుకంటే... ఊకె అన్న సారూ."

సత్తన్న వెళ్ళాక నావైపు తిరిగి, "చూశారా మాస్టారూ, అక్కడ కూడా మొదట ఎవరో ఊకె అనే ఉంటారు," అన్నారు. ఆ మాట ఆయనకు బాగా నచ్చింది. కొన్నాళ్ళు దాన్నే చెప్పుకున్నారు.

మీరు ఈ ఊరు ఎందుకొచ్చారని నేను ఒక్కసారే అడిగాను. భార్య చిన్న వయసులోనే పోయింది, కూతురు రాజమండ్రిలో అమ్మమ్మ ఇంట పెరిగింది, అంతవరకు నాకు తెలుసు. అంతకు మించి అడిగితే, "పుస్తకంలో ఆ ముక్క లేదండీ," అన్నారు. నేను మళ్ళీ అడగలేదు.

ఇప్పుడు ఆయన పని పద్ధతి చెప్పాలి. అఫిడవిట్టు అయినా, అమ్మకం పత్రమైనా, చివర ఒక వాక్యం ఉంటుంది. 'ఇందులోని విషయాలు నాకు చదివి వినిపించగా, అర్థం చేసుకుని, నా ఇష్టపూర్వకంగా వేలిముద్ర వేశాను' అని. ఎవరి కంప్యూటర్లో చూసినా ఆ వాక్యం ముందే టైపు చేసి ఉంటుంది. పేర్లు మారతాయి, సర్వే నంబర్లు మారతాయి, ఆ వాక్యం మాత్రం మారదు. చదివినా చదవకపోయినా, అర్థమైనా కాకపోయినా అది అక్కడే ఉంటుంది. ఆయన దాన్ని టైపు చేయనిచ్చేవారు కాదు. ఆ చోటు ఖాళీగా వదలమనేవారు. కాగితం చదివి వినిపించి, "ఇప్పుడు మీరు చెప్పండి," అనేవారు. అవతలి మనిషి అందులో ఏముందో తన మాటల్లో చెప్పాలి. చెప్పాక, ఆ చివరి వాక్యం తన చేత్తో రాసేవారు. టైపు కాగితం కింద నీలం సిరాతో ఒక్క వాక్యం. రిజిస్ట్రేషన్ ఆఫీసు చుట్టూ తిరిగే వకీళ్ళు ఆయన్ని 'ఖాళీ లైను వకీలు' అనేవాళ్ళు.

కష్టం ఏమిటంటే జనం చెప్పేవాళ్ళు కాదు. సిగ్గు. చదువుకున్నాయన ముందు నోరు తెరవడమంటే భయం. "మీరు రాసిండ్రు గద సారూ, అంతా మంచిగనే ఉంటది," అనేవాళ్ళు. అందుకని ఆయన ఒక ఉపాయం పట్టారు. కాగితం పక్కన పెట్టి, ముందు ఓడ పెద్దమనిషి కథ చెప్పేవారు. చిన్న కథ. "ఇది నాకు మళ్ళీ చెప్పండి చూద్దాం," అనేవారు. ఎవరో తెలియని మనిషి కథ, తప్పు చెబితే పోయేదేమీ లేదు. అది చెప్పేసరికి గొంతు పెగిలేది. తర్వాత కాగితం చెప్పించేవారు. ఉర్దూ మాట్లాడేవాళ్ళు వస్తే కథ చెప్పే పని నాది.

అలా శంషాబాద్ చుట్టుపక్కల ఎంతమంది ఆ కథ విన్నారో నాకు తెలియదు. విన్నవాళ్ళు తిరిగి చెప్పేటప్పుడు, ఎవరి కథ వాళ్ళకు తోచినట్టు మారిపోయేది. మేకలు కాసే ఒకాయన చెప్పినదాంట్లో ఓడ పెద్దమనిషి ఓడెక్కే ముందు తన మందను తమ్ముడికి అప్పజెప్పి ఏడ్చాడు. ఆరాంఘర్‌లో ఆటో నడిపే కుర్రాడి కథలో, దిగిన మొదటివారం గల్లీ గల్లీ తిరిగి దారులు నేర్చుకున్నాడు. మైలార్‌దేవ్‌పల్లిలో బట్టలు కుట్టే ఒకామె నేను ఉర్దూలో చెప్పిన కథ విని, తిరిగి చెబుతూ మధ్యలో ఆగి, "కుఁవారే కు ఘర్ కౌన్ దేతా సాబ్?" అంది. పెళ్ళికానివాడికి ఇల్లెవరిస్తారని. అందుకని ఆమె కథలో అతను బడిలోనే బల్లల మీద పడుకున్నాడు.

ఆమె వెళ్ళాక ఆయన సంబరంగా, "మాస్టారూ, అద్దె ఇంటి సంగతి తేలిందండీ," అన్నారు.

"ఆమె కల్పించింది."

"కల్పించిందే. కానీ బడిలో పనికి ఎందుకు కుదిరాడో తెలిసింది కదా. పడుకోడానికి చోటు."

నేను నవ్వి నా దస్తావేజు ముందుకు లాక్కున్నాను.

యాదమ్మ వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. మామిడిపల్లి వెనక ఆమెకు కాస్త భూమి. భర్త పోయాడు, పిల్లలు లేరు. బావి పక్కన పాలకూర, తోటకూర వేసి అమ్ముకుని బతికేది. ఆ భూమి రెండోవైపున కొత్త రోడ్డు పడింది. భర్త తమ్ముడి కొడుకు, ఒక మధ్యవర్తి ఆమెను కారులో తీసుకొచ్చారు. కాగితం వాళ్ళే తయారు చేయించారు. ఆయన చూసి, చివరి వాక్యం రాసి, వేలిముద్ర వేయిస్తే చాలు. మధ్యవర్తి మాకు తరచుగా పని తెచ్చే మనిషే.

కాగితం చదివి వినిపించాక ఆయన, "చెప్పండి యాదమ్మ గారూ," అన్నారు.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నన్ను గారు అంటరేంది సారు? ఏం చెప్పాలె?"

"ఇందులో ఏముందో."

"మీరే చదివిండ్రు గద. మల్ల నన్నడుగుతరేంది?"

మరిది కొడుకు అడ్డం వచ్చాడు. "మా పెద్దమ్మకు ఇవన్ని తెల్వయి సార్. వేలు పెట్టిచ్చుకోండ్రి. కారు రోడ్డు మీదనే పెట్టి ఒచ్చినం."

ఆయన అతనివైపు చూడకుండా కాగితం పక్కన పెట్టి, "యాదమ్మ గారూ, ఓడలో వచ్చిన ఒకాయన కథ చెబుతాను," అని మొదలుపెట్టారు. మధ్యవర్తి గడియారం చూసుకున్నాడు. యాదమ్మ మాత్రం కింద పెట్టిన కాళ్ళు కుర్చీ మీదికి మడుచుకుని వినడానికి సిద్ధమైంది. అప్పటికి అసర్, అంటే సాయంత్రపు నమాజు వేళ అయింది. వెనక సందులోనే మసీదు. నేను లేచి వెళ్ళాను.

తిరిగి వచ్చేసరికి ఓడ కథ అయిపోయింది. ఆమె కాగితం సంగతి చెబుతోంది. కొంగు నోటి మీద లేదు.

"రోడ్డు మొకాన ఉన్నది మా పిలగానికి. బాయి దిక్కుది నాకు. నేను బతికినన్ని దినాలు కూర ఏసుకుంట. నా తర్వాత అది గూడ ఆనికే. గంతే గద సారు?"

అలా లేదు. కాగితంలో రోడ్డు వైపుదీ బావి వైపుదీ అంతా ఆ రోజునుంచే మరిది కొడుకు పేరున పోతోంది. బావి అనే మాటే అందులో లేదు.

ఆయన పెన్నుకు మూత పెట్టారు.

"పెద్దమ్మా, గట్ల కాదే," అన్నాడు మరిది కొడుకు. "బాయి దిక్కు నువ్వే ఉంటవు. ఎవరు పొమ్మన్నరు నిన్ను? కాగితంల అన్ని రాస్తరా?"

"రాయకుంటె ఎట్ల తెలుస్తది రా?" అంది ఆమె. గద్దింపు కాదు, నిజంగానే అడిగింది.

మధ్యవర్తి ముందుకు వంగాడు. "సార్, ఆమెకు మేం సమజ్ చేస్తం. మీరు ఆ ఆఖరి లైను రాసేయుండ్రి. మనం మనం ఒకటి."

"ఆవిడ చెప్పింది కాగితంలో ఉండాలండీ. లేదా కాగితంలో ఉన్నది ఆవిడ చెప్పాలి. రెండూ ఒకటైన రోజు రండి," అన్నారాయన.

"ఇంకో వకీలు లేడా సార్ ఈడ?"

"చాలామంది ఉన్నారు."

ముగ్గురూ లేచి వెళ్ళారు. యాదమ్మ కూడా వాళ్ళతోనే కారెక్కింది. ఊరికి పోవాలంటే ఆమెకు ఇంకో దారి లేదు. ఆయన గుమ్మంలో నిలబడి కారు మలుపు తిరిగేదాకా చూశారు. "వేరే చోటికి తీసుకెళ్తారండీ," అన్నారు. "అక్కడ ఆ లైను టైపు చేసే ఉంటుంది." ఆ రోజు ఇక ఓడ పెద్దమనిషి ప్రసక్తి రాలేదు.

మధ్యవర్తి మా షట్టరుకు రావడం మానేశాడు. అతను తెచ్చే పని మా పనిలో చాలా భాగం. కుర్చీలు ఖాళీగా ఉండేవి. "జనం తగ్గితే గాలి బాగా వస్తోందండీ," అనేవారాయన. నేను మాత్రం ఆమె సంగతి ఏమైందా అని ఆలోచించేవాణ్ని. ఆయన కూడా ఆలోచించేవారని తెలుసు. రోడ్డు మీద కూరల బుట్టతో ఎవరు కనిపించినా తల ఎత్తి చూసేవారు.

వానలు మొదలయ్యాక ఒక ఉదయం ఆమె వచ్చింది. తోటకూర కట్టలు ఆయన బల్ల మీద, ఫైళ్ళ పైన పెట్టింది. తడి ఫైళ్ళలోకి దిగింది. ఆయన తీయలేదు.

"ఏం జరిగింది చెప్పండి," అన్నారు.

"ఆరాంఘర్ దిక్కు తీస్కపోయిండ్రు సారు. ఆడ సారు గబగబ చదివిండు. ఇంకు డబ్బి జరిపిండు. జర ఆగుండ్రి సారు, నేను చెప్త, మీరు ఇనుండ్రి అన్న. ఇనుడెందుకు అన్నడు. శంషాబాద్ల ఇంటరు సారు, మీరు గూడ ఇనుండ్రి అన్న. రోడ్డు మొకాన ఆనికి, బాయి దిక్కు నాకు, అని మీ దగ్గర చెప్పినట్టే చెప్పిన. ఆ సారు కాగితం చూసిండు, నన్ను చూసిండు. డబ్బి మూత పెట్టిండు."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "డబ్బీ మూత పెట్టాడా?"

"పెట్టిండు. మూడొద్దులు మా పిలగాడు నాతోని మాట్లాడలే. ఇగ ఎట్ల చెప్తె గట్ల రాయిస్త అంటుండు ఇప్పుడు. బయట్నే కూసున్నడు. లోపటికి రానీకి మొకం చెల్లుతలే."

ఆయనే బయటికి వెళ్ళి అతన్ని పిలుచుకొచ్చి, చాయ్ చెప్పి, కొత్త కాగితం రాయించారు. ఇద్దరిచేతా చెప్పించారు. అప్పుడు పెన్ను మూత తీసి చివరి వాక్యం రాశారు. బావి దగ్గర యాదమ్మ ఇప్పటికీ కూర వేస్తోంది.

ఆయన పోయాక, పదకొండో రోజు, అద్దె ఇంటి ముంగిట కుర్చీలు వేశారు. రాజమండ్రి నుంచి కూతురు వచ్చింది. తండ్రిలాగే పొడుగ్గా ఉంది. నేను అనుకున్నదానికన్నా చాలామంది వచ్చారు. ఒక్కొక్కరూ ఆమె దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పి వస్తున్నారు. కాసేపటికి ఆమె నా పక్కకొచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

"మాస్టారూ, నాన్న ఓడెప్పుడు ఎక్కారండీ?"

"ఏమన్నారు వాళ్ళు?"

"మందను వాళ్ళ తమ్ముడికి అప్పజెప్పి ఓడెక్కారట. మాకు మందేమిటండీ? నాన్నకు తమ్ముడే లేడు. ఆటో అతను ఓడ దిగి గల్లీలన్నీ తిరిగారన్నాడు. ఇంకొకావిడ బల్లల మీద పడుకున్నారని కన్నీళ్ళు పెట్టుకుంది. నాన్న గోదావరి మీద పడవెక్కాలన్నా భయపడేవారు."

నాకు నవ్వొచ్చింది. అలాంటి చోట నవ్వకూడదు. వాళ్ళు ఆ కథను ఆయన సొంత కథే అనుకున్నారని, ఇంతకాలం అలాగే అనుకుంటున్నారని అప్పుడే నాకూ తెలిసింది. ఆయనకు తెలుసా? తెలిసే ఊరుకున్నారా? అడగడానికి ఆయన లేరు. సంగతంతా ఆమెకు వివరంగా చెప్పాను, పుస్తకం, ఓడ పెద్దమనిషి, ఖాళీ లైను, అన్నీ.

ఈలోగా యాదమ్మ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. ఆమె కూడా అదే కథ మొదలుపెట్టింది. "ఓడ దిగిండు బిడ్డా మీ బాపు. ఎవరు తెల్వదు. పిలగాండ్లకు సదువు చెప్పిండు. వకీలైండు. ఆడి జనం పెద్ద సభకు పంపిండ్రు."

సంగతి తెలిసినా కూతురు ఆమెను ఆపలేదు. "ఎందుకు పంపారట?" అని అడిగింది. తండ్రి అడిగినట్టే అడిగింది.

"నేను గూడ సారును గదే అడిగిన. తెల్వదన్నడు. నువ్వైతే ఎందుకు పంపుతవు యాదమ్మా అన్నడు. నేనేమన్న అంటె..."

విమానం వచ్చింది. యాదమ్మ చూపుడు వేలు పైకెత్తింది. చుట్టూ చూశాను. మేకలాయన, ఆటో కుర్రాడు, సత్తన్న, అందరూ మాట్లాడటం ఆపి, తలలు కొద్దిగా వంచి ఉన్నారు. చప్పుడు మామిడిపల్లి వైపు దిగిపోయింది.

"మా మాట మల్ల మాకు చెప్పేటోన్ని పంపుత అన్న. ఆడ మా దిక్కు మాట్లాడాలంటె ముందు మా మాట ఆయనకు రావాలె గద. ఇనకుంటె ఎట్లొస్తది?"

నేను నమాజుకు వెళ్ళిన ఆ కాసేపట్లో జరిగిన మాట అది. ఆయన నాతో ఎప్పుడూ చెప్పలేదు. ఆ తర్వాత కూడా ఎన్నో మధ్యాహ్నాలు నన్ను అదే ప్రశ్న అడిగారు, నేను అదే పాత జవాబిచ్చాను, అదీ ఉండొచ్చు అని ఒప్పుకున్నారు. చేతిలో ఇంత మంచి జవాబు పెట్టుకుని ఎందుకు అడిగారు? ఇంకా జవాబులున్నాయని కావచ్చు. నాకు తెలియదు.

జనం పలచబడ్డాక నా జేబులోంచి ఆ నాలుగు వాక్యాల కాగితం తీశాను. కూతురికి చూపిద్దామని తెచ్చాను. ముందు యాదమ్మను కూర్చోబెట్టి చదివి వినిపించాను. "ఇప్పుడు మీరు చెప్పండి," అన్నాను.

ఆమె నావైపు వింతగా చూసి, తర్వాత సర్దుకుని కూర్చుంది. "గోదావరి దిక్కు పుట్టిండు. సదువుకున్నడు. ఈడికొచ్చిండు. ఈడనే పని చేసిండు. పోయిండు." కాగితం వైపు వంగి చూసింది. "ఓడ రాయలే గద మాస్టర్ సాబ్?"

"ఆయన ఓడలో రాలేదు యాదమ్మా. ఆ ఓడ వేరే ఆయనది. మన సారు రైల్లో వచ్చారు."

బాధపడుతుందేమో అనుకున్నాను. పడలేదు.

"రైలు దిగినా గంతే గద," అంది. "దిగినంక ఏం జేసిండో గది రాయుండ్రి."

కాగితం తిప్పి, ఖాళీగా ఉన్న వెనకవైపు పైకి వచ్చేలా మోకాలి మీద పెట్టుకున్నాను. పెన్ను మూత తీశాను.